ఇనుప సేటు ఇంజను

డబ్బా

పాలిటెక్నిక్‌లో థర్మల్ ఇంజనీరింగ్ చెప్పడమంటే అసలు ఏం చేయాలని, కొత్తగా లెక్చరర్‌గా చేరిన ఒకమ్మాయి మొన్న ఫోన్ చేసి అడిగింది. సిలబస్ ఆమె దగ్గరే ఉంది. ల్యాబ్ మాన్యువల్ కూడా ఉంది. అయినా అడిగిందంటే, ఆ రెండూ చూశాకే భయం పట్టుకుందని అర్థమైంది. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీల సంగతి ఇందులో ఉండదు. అవి చదివితే ఆ పిల్లకు నిద్ర వస్తుంది, నాకు కోపం వస్తుంది.

వరంగల్‌లో నేను ఉద్యోగంలో చేరిన రోజు మా డిపార్ట్‌మెంట్ పెద్ద సమ్మయ్య సార్ నన్ను క్లాసు చెప్పమనలేదు. వెనక బెంచీలో కూర్చోమన్నారు. ఆయన ఒక ఖాళీ నూనె డబ్బా తెచ్చి, అడుగున కొద్దిగా నీళ్లు పోసి, కిరోసిన్ స్టవ్ మీద పెట్టారు. నీళ్లు మరిగి, డబ్బా మూతి లోంచి ఆవిరి బుసబుసా వస్తుంటే గుడ్డతో పట్టుకుని కిందికి దించారు. మూత గట్టిగా బిగించారు. దాని మీద ఒక చెంబెడు చన్నీళ్లు గుమ్మరించారు.

డబ్బా కుయ్యోమంది. మరుక్షణం ధడాలున దాని నాలుగు పక్కలూ లోపలికి పోయాయి. ఎవరో పెద్ద చేత్తో పట్టుకుని కాగితం పొట్లంలా నలిపినట్టు నలిగిపోయింది. ముందు బెంచీ పిల్లలు లేచి నిలబడ్డారు. లెక్చరర్‌నని మరిచిపోయి నేనూ లేచి నిలబడ్డాను.

"ఎవలు నలిపిన్రు?" అన్నారు సార్.

"ఎవలు ముట్టలే సార్."

"మరి గట్లెట్ల నలిగె?"

"సల్లటి నీళ్లకు సార్."

"నీళ్లకు అంత తాకత్ ఉంటదా? మన నెత్తి మీద గాలి ఉన్నది గద, అది నలిపింది. పొద్దుగాల లేసినకాడి నుంచి పండుకునేదాక మనల గుడ గట్లనే నొక్కుతాంది. మన లోపట గుడ గాలి ఉన్నది కాబట్టి నలుగుతలేం. డబ్బల ఆవిరి ఉండె. సల్లబడంగనే నీళ్లయిపోయె. లోపట ఏం మిగల్లే. ఏం లేని జాగల ఉండుడంటే ఉట్టి మాటలు కాదు బిడ్డ."

డిగ్రీలో వాతావరణ పీడనం గురించి నేను పేజీలు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అది నా భుజాల మీద ఉందని ఆ రోజే మొదటిసారి తెలిసింది. సాయంత్రం ఇంటికి నడుస్తూ కూడా ఒకటి రెండుసార్లు పైకి చూశాను.

సమ్మయ్య సార్‌తో పనిచేయడం తేలికేమీ కాదు. కోపం వస్తే సుద్దముక్క విసిరేవారు. అది తగిలేది కూడా. కానీ రెండో రోజే నన్ను బాయిలర్ దగ్గర నిలబెట్టారు. ఇంకో లెక్చరర్ వచ్చి, "ఆడపిల్ల సార్, డ్రాయింగ్ క్లాస్ ఇద్దాం" అంటే, "బాయిలరుకు ఆడ మొగ తెల్వది. దానికి నీళ్లెంత ఉన్నయి, మంటెంత ఉన్నది, గంతే తెలుసు" అన్నారు. ఆ మాట నన్ను సర్వీసంతా కాపాడింది.

సేటు

డబ్బా నలిగాక సార్ ఒక కథ చెప్పేవారు. ఏటా అదే కథ. ఆవిరితో నిజంగా పనిచేసే ఇంజను మొదట తయారు చేసినాయన జీవితం. ఆయన అసలు పేరు పాఠ్యపుస్తకంలో ఉంటుంది. మా క్లాసులో మాత్రం ఆయన పేరు ఇనుప సేటు. వరంగల్ చౌరస్తాలో ఇనుప సామాను దుకాణంలో కూర్చునే సేటు ఎలా ఉంటాడో అలాగే ఉండేవాడని సార్ చెప్పడంతో ఆ పేరు పడింది.

మూడు వందల ఏళ్ల కింద, ఇంగ్లండులో, సముద్రం పక్కన ఒక చిన్న ఊరు. అక్కడ ఆయనకు ఇనుప సామాను దుకాణం. గడపారలు, గొలుసులు, మేకులు తయారు చేసి, చుట్టుపక్కల తగరం గనులకు అమ్మేవాడు. గనులవాళ్లు సామాను కోసం వచ్చినప్పుడల్లా ఒకటే గోడు. లోతుకు పోయినకొద్దీ నీళ్లు ఊరుతున్నాయి. గుర్రాలను గానుగెద్దుల్లా తిప్పి ఎంత తోడించినా తరగడం లేదు. కింద తగరం కనబడుతూనే ఉంది, మనిషి దిగే వీల్లేదు. దిగినవాళ్లు కొందరు తిరిగి రాలేదు.

సేటు పెద్ద చదువులు చదువుకోలేదు. పెద్దవాళ్లతో పరిచయం లేదు. ఆయనకు ఉన్నది ఒక్క స్నేహితుడు. గాజు పలకలు బిగించి, సీసం గొట్టాలు అతికే పనివాడు. ఇద్దరూ దుకాణం వెనక పని మొదలుపెట్టారు. ఇత్తడి గొట్టం, అందులో కిందికీ పైకీ ఆడే ముషలకం, అంటే పిస్టన్. గొట్టంలోకి ఆవిరి పంపి, దాన్ని చల్లార్చి, లోపల ఏమీ లేకుండా చేస్తే, పైనున్న గాలి ముషలకాన్ని కిందికి తోస్తుంది. ముషలకానికి గొలుసు, గొలుసుకు ఒక పెద్ద దూలం. పిల్లలు ఆడుకునే తొక్కుడు బల్లలా దూలం ఈ కొస దిగితే ఆ కొస లేస్తుంది. లేచే కొసకు నీళ్లు తోడే పంపు, దాని బరువుకే ముషలకం మళ్లీ పైకి వస్తుంది. ఆలోచన ఇంతే. నలిగే డబ్బానే.

ఆలోచన నుంచి ఇంజను దాకా రావడానికి పదేళ్ల పైనే పట్టింది. గొట్టాన్ని బయటి నుంచి నీళ్లతో చల్లార్చేవారు. ఆవిరి మెల్లమెల్లగా చల్లబడేది. ముషలకం జబ్బు మనిషిలా దిగేది. దాంతో గని నీళ్లు కాదు గదా, బావి నీళ్లు కూడా రావు. ఊళ్లోవాళ్లు నవ్వారో జాలిపడ్డారో మనకు తెలియదు. ఆ పదేళ్లు ఆయన ఏమనుకున్నాడో ఒక్క ముక్క కూడా రాసి పెట్టలేదు.

ఇక్కడికి వచ్చేసరికి సమ్మయ్య సార్ గొంతు తగ్గించేవారు.

"ఆ గొట్టం పోత పోసేటప్పుడే గోడల చిన్న బొక్క పడ్డది. దాన్ని సీసంతోని మూసిన్రు. ఒకనాడు ఆవిరి వేడికి ఆ అతుకు కరిగింది. బయట ఉన్న సల్లనీళ్లు గింత బొక్కల నుంచి లోపటికి చిమ్మినయి. ఆవిరి మధ్యలకు. ఒక్కసారి, కన్ను మూసి తెరిచేలోపు, ఆవిరంతా మాయమైంది. గాలి వచ్చి ముషలకం మీద పడ్డది. గొలుసు తెగింది. గొట్టం అడుగు పలిగింది. కింద బాయిలరు మూత గుడ పలిగింది. వేడినీళ్లు అంతట పారినయి. ఆ ఇద్దరు దోస్తులు నిలబడి చూస్తాన్రు. పదేండ్ల కష్టం ముక్కలై పడి ఉన్నది. వాళ్లకు దొరకవలసింది దొరికింది: నీళ్లు బయట కాదు, లోపట చిమ్మాలె."

వెనక బెంచీ పిల్లలు కూడా ముందుకు వంగి వినేవారు.

ఆ తర్వాతి కథ నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. నిప్పుతో నీళ్లు తోడే హక్కును అప్పటికే ఒక దర్బారీ పెద్దమనిషి తన పేరు మీద రాయించుకున్నాడు. ఆయన యంత్రం లోతు గనుల్లో పనికి రాలేదు. కానీ హక్కు హక్కే. సేటు ఆయనతో పొత్తు కలిసి, ఆయన కాగితం కింద తన ఇంజను పెట్టుకోవాల్సి వచ్చింది. చదువుకున్న పెద్దలు కొందరు, ఇదంతా అదృష్టం కొద్దీ తగిలిందని రాశారు. నా మాట నేను చెబుతాను. అతుకు ఊడటం అదృష్టమే కావచ్చు. కానీ పగిలిన ముక్కల మధ్య నిలబడి, ఎందుకు పగిలిందో ఆలోచించడం అదృష్టం కాదు. నేనైతే కొత్త గొట్టం కోసం ఎవరిని అడగాలా అని ఏడుస్తూ కూర్చునేదాన్ని.

ఆయన ఇంజన్లు గని గనికీ పాకాయి. నీళ్లలో మునిగి మూతపడ్డ గనులు మళ్లీ తెరుచుకున్నాయి. సేటు మాత్రం సొంత ఊరికి దూరంగా, రాజధానిలో చనిపోయాడు. ఆయన బొమ్మ ఒక్కటి కూడా లేదు. ఏ శ్మశానమో తెలుసు గానీ, అందులో ఏ సమాధి ఆయనదో ఎవరికీ తెలియదు.

మోటర్ల యాకోబు

ఈ కథ నాకు ఇంత దగ్గర కావడానికి ఇంకో కారణం ఉంది. సేటు ఆరు రోజులు ఇనుప పని చేసి, ఆదివారం ఒక చిన్న క్రైస్తవ సంఘంలో వాక్యం చెప్పేవాడు. జీతం తీసుకునే పాస్టరు కాదు. సంఘంలో పదిమందిలో ఒకడు.

మా బాపు కూడా అంతే. హనుమకొండలో వ్యవసాయ మోటర్లు రిపేరు చేసేవాడు. చుట్టుపక్కల ఊళ్లలో మోటర్ల యాకోబు అంటే అందరికీ తెలుసు. పాస్టరు అయ్యగారు వేరే ఊరికి పోయిన ఆదివారాల్లో బాపే లేచి వాక్యం చెప్పేవాడు. గోళ్ల సందుల్లో నల్ల గ్రీజు, చేతుల్లో తెల్ల గుడ్డ చుట్టిన బైబిలు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకనాడు అన్నం తింటూ బాపుకు ఈ కథ చెప్పాను. ఇంజను సంగతి బానే విన్నాడు. ఆదివారం సంగతి చెప్పగానే ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"నిజంగనా బిడ్డ? వాక్యం చెప్పేటోడా?"

"అవు బాపూ."

"ఏం చెప్పేటోడో మరి," అన్నాడు. గడపారలు అమ్మే మనిషి ఆదివారం ఏ మాటలు చెప్పి ఉంటాడో ఊహించుకుంటున్నట్టు అనిపించింది.

సేటు సమాధి ఎక్కడుందో తెలియదని కూడా చెప్పాను. అంత పని చేసిన మనిషికి ఒక రాయి కూడా లేకపోవడం అన్యాయం అన్నాను. బాపు చెయ్యి కడుక్కుని వచ్చి నెమ్మదిగా అన్నాడు.

"మనకు తెల్వకపోతే ఏమాయె బిడ్డ. రేపు సమాధుల్ల నుంచి లేపేటాయనకు ఎరికే గద, ఎక్కడ పండుకున్నడో."

బాపు ఇప్పుడు లేడు. సేటు చావు దాకా కథ వచ్చిన ప్రతిసారీ క్లాసులో ఒక నిమిషం ఆగిపోయేదాన్ని. పిల్లలు అది పాఠంలో భాగం అనుకునేవారు.

"మీరు చూసిన్రా?"

సమ్మయ్య సార్ రిటైరయ్యాక డబ్బా నా చేతికి వచ్చింది. చాలా ఏళ్లు ఆ కథ నేనే చెప్పాను. బాగా చెబుతానని పేరు కూడా వచ్చింది. ఒక సంవత్సరం మెకానికల్ క్లాసులో రవళి అనే అమ్మాయి చెయ్యెత్తింది. వాళ్లది ధర్మసాగర్ దగ్గర ఊరు, వ్యవసాయం. తక్కువ మాట్లాడే పిల్ల.

"మేడమ్, ఒకటడుగుత, ఏమనుకోవద్దు. ఆ ఇంజను నడుస్తాంటే మీరు చూసిన్రా?"

"లేదు."

"సమ్మయ్య సార్ చూసిండా?"

"లేదమ్మా. అవి విదేశాల్లో మ్యూజియాల్లో ఉంటాయి."

"మరి నడుస్తదని ఎట్ల చెప్తాన్రు?"

క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. డబ్బా నలగడం చూశాను. డబ్బా నలగడానికీ, ఒక ఇంజను ఆగకుండా నీళ్లు తోడటానికీ మధ్య సేటు జీవితమంతా ఉంది. ఆ భాగం నేను నోటితోనే దాటేస్తున్నానని ఆ పిల్ల ఒక్క ప్రశ్నతో చూపించింది.

"అయితే చేసి చూద్దాం," అన్నాను. ఆ మాట ఎందుకు అన్నానో ఇప్పటికీ చెప్పలేను.

వర్క్‌షాప్ వెనక, నీళ్లు నింపుకునే సిమెంటు హౌజు పక్కన మొదలుపెట్టాం. మందపాటి పాత ఇనుప గొట్టం ఒకటి దొరికితే, దాని లోపలి గోడను లేత్ మీద నున్నగా తీయడానికి మధ్యాహ్నాలు మధ్యాహ్నాలు పట్టాయి. అజీమ్ అనే కుర్రాడి ఇంటివాళ్లకు వెల్డింగ్ దుకాణం ఉంది. స్టాండు వాడే అతికాడు. దూలానికి తుమ్మ మొద్దు. నీళ్లు తోడటానికి, పాడైపోయిన బోరింగు లోపలి పంపు. ఇక బాయిలర్. హాస్టల్ మెస్‌లో మూలన పడేసిన ఇడ్లీ బాయిలర్ ఉందని తెలిసి, వంట చేసే కొమురమ్మ దగ్గరికి వెళ్లాం.

"ఏం జేస్తరు దీంతోని?"

"ఇంజను చేస్తం అక్కా," అన్నాడు అజీమ్.

"ఇడ్లి కుండతోని ఇంజనా? తీస్కపోన్రి. పేలితె మాత్రం నా పేరు చెప్పకున్రి."

పేలే అవకాశం ఉంచలేదు. మూతకు బిగింపు పెట్టలేదు, బరువు మాత్రమే పెట్టాం. ఆవిరి జర ఎక్కువైతే మూతే లేస్తుంది. సేటు ఇంజనులో నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచేది ఇదే. అంత బలం ఉన్నా, ఆవిరికి ఒత్తిడి దాదాపు అవసరమే లేదు. అది ఊరికే లోపలికి వచ్చి, మాయమైపోతే చాలు. మిగతా పని ఆకాశం చేస్తుంది.

గాలి పట్టింది

మొదట మేం కూడా గొట్టాన్ని బయటి నుంచే చల్లార్చి చూశాం. కథలో విన్నట్టే ముషలకం నీరసంగా దిగింది. తర్వాత లోపలికి నీళ్లు చిమ్మే సన్న గొట్టం పెట్టాం. అజీమ్ ఆవిరి కుళాయి మూశాడు. రవళి నీళ్ల కుళాయి తిప్పింది.

ధడ్ మని ముషలకం కిందికి దూకింది. స్టాండు ఊగింది. దూలం అవతలి కొస లేచి, పంపు లోంచి నీళ్లు భళ్లున కింద పడ్డాయి. పిల్లలు నాలుగడుగులు వెనక్కి గెంతారు. ఆ తర్వాత అరుపులు, చప్పట్లు.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. రెండో దెబ్బ కొంచెం తగ్గింది. మూడోది ఇంకా తగ్గింది. ఐదారు దెబ్బలకు ఇంజను ఆయాసపడి ఆగిపోయింది. అంతా విప్పి, ఆరబెట్టి, మళ్లీ మొదలుపెడితే మళ్లీ అంతే. ముషలకం చుట్టూ తోలు మార్చాం. కుళాయిలు మార్చాం. మంట పెంచాం. వారాలు గడిచాయి. ఏ మార్పూ లేదు.

అదే సమయంలో ప్రిన్సిపాల్ ప్రభాకర్ సార్ నన్ను పిలిచారు. బదిలీ మీద కొత్తగా వచ్చిన మనిషి. స్టీమ్ ల్యాబ్ గది ఖాళీ చేయాలన్నారు. అందులో కంప్యూటర్లు పెడతారట. వర్క్‌షాప్ వెనక ఉన్న ఆ సామాను కూడా తీసేయమన్నారు.

"కరుణగారూ, ఈ పిల్లలకు ఉద్యోగాలు కావాలి. ఆవిరి ఇంజను నేర్చుకుంటే ఎవరిస్తారు చెప్పండి?"

"సార్, ఇప్పుడు మీ మీద తిరుగుతున్న ఫ్యాన్‌కు కరెంటు వచ్చేది ఆవిరితోనే. బొగ్గు మండించి, నీళ్లు కాచి..."

"అది నాకూ తెలుసమ్మా. కానీ గదులు లేవు."

ఆయన మాటలో తప్పు లేదు. మా మీద పెత్తనం చేసిన వాళ్లందరూ దుర్మార్గులని రాస్తే ఈ రాత రక్తి కట్టేదేమో గానీ, నిజం కాదు. గదులు నిజంగానే లేవు. నేను కొన్ని రోజులు గడువు అడిగి బయటికి వచ్చాను.

వర్క్‌షాప్ వెనకకు వెళ్లేసరికి రవళి ఒక్కతే ఇంజను పక్కన గొంతుక్కూర్చుని ఉంది.

"మేడమ్, మా బాయి మోటరు గుడ గిట్లనే చేస్తది. సప్పుడు వస్తది, నీళ్లు తగ్గుకుంట తగ్గుకుంట ఆగిపోతయి. గాలి పట్టిందంటం."

అప్పుడే వచ్చిన అజీమ్ అన్నాడు. "దీంట్లకు గాలేడికెల్లొస్తది? పోయేది ఆవిరే గద."

గాలి పట్టింది అనే మాట మా ఇంట్లో పుట్టినప్పటి నుంచి వింటున్నాను. బాపు రోజుకు నాలుగుసార్లు అనేవాడు. టీ కోసం నీళ్లు పెట్టినప్పుడు, మరగక ముందే గిన్నె అడుగున సన్నసన్నగా బుడగలు పడతాయి కదా. అది ఆవిరి కాదు, నీళ్లలో కలిసి ఉన్న గాలి. ఆవిరితో పాటు ఆ గాలీ మా గొట్టంలోకి పోతోంది. ఆవిరి చల్లబడితే నీళ్లవుతుంది. గాలి కాదు. దెబ్బ దెబ్బకూ కొంచెం కొంచెం పేరుకుంటోంది. ఏమీ ఉండకూడని చోట ఏదో ఒకటి ఉండిపోతోంది.

అయితే సేటు ఇంజను ఎలా నడిచింది? మా పాఠ్యపుస్తకం బొమ్మలో జవాబు లేదు. నెట్‌లో పాత కాలపు బొమ్మలు వెతికి, ఫోన్‌లో పెద్దవి చేసుకుని ముగ్గురం చూశాం. ఒక బొమ్మలో, గొట్టం అడుగున పక్కగా, చిన్న గొట్టం బయటికి వచ్చి ఉంది. దాని చివర గిన్నె లాంటిది, అందులో ఒక మూత. కింది రాత చదివాను. కొత్త ఆవిరి లోపలికి రాగానే ముందున్న గాలిని ఆ మూత లోంచి బయటికి నెట్టేస్తుంది. వెంటనే మూత పడిపోతుంది. జలుబు చేసిన మనిషి ముక్కు చీదినట్టు చప్పుడు వస్తుందని, ఆ కాలపు పనివాళ్లు దానికి చీదుడు పేరే పెట్టుకున్నారు.

రవళి, అజీమ్ పకపకా నవ్వారు. నేను ఆ బొమ్మ వైపే చూస్తూ ఉండిపోయాను. నీళ్లలో గాలి కలిసి ఉంటుందని చెప్పే పుస్తకం ఆయన చేతికి వచ్చి ఉంటుందని నేను అనుకోను. లోపల ఏం జరుగుతుందో చూడటానికి ఆయన గొట్టానికి కిటికీ లేదు. మా ఇంజను లాగే ఆయన ఇంజనూ ఆయాసపడి ఆగిపోయి ఉంటుంది. ఎన్నిసార్లు ఆగిపోయిందో. అప్పుడు ఆ మనిషి, కంటికి కనబడని ఒకటి లోపల చేరుతోందని ఎలా పట్టుకున్నాడు? పట్టుకుని, దానికి ఒక తలుపు పెట్టి, పని అయ్యాక మూసుకునేలా చేశాడు. అతుకు ఊడిన కథ వినడానికి బాగుంటుంది. దాన్ని అదృష్టం అనవచ్చు. ఈ చిన్న మూతను అదృష్టం అనడానికి ఎవరికీ నోరు రాదు. కథ చెప్పినన్నాళ్లూ ఆయనంటే నాకు ఇష్టం. ఆ మధ్యాహ్నం నుంచి ఆయనంటే భయం లాంటిది కూడా కలిగింది. గుడిలోనో చర్చిలోనో, మనం మాట తగ్గించుకునే చోట కలిగే భయం.

హౌజు

ముందే చెప్పేస్తాను. స్టీమ్ ల్యాబ్ గది పోయింది. ఇప్పుడు అందులో కంప్యూటర్లే ఉన్నాయి, పిల్లలకు పనికొస్తున్నాయి కూడా. ఇంజను మాత్రం ఇంకా వర్క్‌షాప్ వెనకే ఉంది, పైన రేకుల షెడ్డుతో. షెడ్డు వేయించింది ప్రభాకర్ సారే. అది ఎలా జరిగిందో చెప్పి ముగిస్తాను.

గది కొలతలు చూడటానికి ఆయన ఒక ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని వచ్చిన రోజునే మేం చీదుడు మూత బిగించి పూర్తి చేశాం. ఆయనకు చూపించాలని కాదు. ఆయన వస్తారని కూడా మాకు తెలియదు. మధ్యాహ్నం భోజనాలు అయ్యాయి. హౌజు పక్కన కొమురమ్మ గిన్నెలు తోముతోంది.

మంట పెట్టాం. బాయిలర్ మూత కదలడం మొదలయ్యాక అజీమ్ ఆవిరి వదిలాడు. గొట్టం అడుగున ఉన్న చిన్న మూత ఒక్కసారి "ఛీ" మని చీదింది. అజీమ్ కుళాయి మూశాడు, రవళి నీళ్లు తిప్పింది. ధడ్. హౌజు నీళ్లు పంపు లోంచి లేచి పైనున్న డ్రమ్ములో పడి, కాలువలోకి, చెట్ల పాదుల్లోకి పోయాయి. మళ్లీ ఆవిరి. ఛీ. ధడ్. నీళ్లు.

మాకు అలవాటైన చోటు వచ్చింది, ఆగిపోయే చోటు. ఇంజను ఆ చోటు దాటింది. తర్వాతి దెబ్బ మొదటి దెబ్బంత బలంగా పడింది. ఆ తర్వాతిదీ అంతే. అరుస్తారనుకున్న పిల్లలు ఒక్కరూ అరవలేదు. వర్క్‌షాప్ లోంచి ఒక్కొక్కరే వచ్చి వెనక నిలబడుతున్నారు. రవళి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. చెయ్యి మాత్రం తప్పకుండా కుళాయి తిప్పుతూనే ఉంది.

చప్పుడుకు ప్రభాకర్ సార్ బయటికి వచ్చారు. చేతిలో కొలత టేపు. దూలం దిగడం, లేవడం, నీళ్లు పడటం కాసేపు చూశారు.

"ఇంత చిన్న మంటేనా?" అన్నారు.

"అంతే సార్."

"ఆవిరికి ఇంత బలం ఎక్కడిది? మూత కూడా బిగించలేదు మీరు."

"తోస్తున్నది ఆవిరి కాదు సార్. గాలి."

"ఏ గాలి?"

"ఇదే సార్. మనం పీల్చుకుంటున్నదే. పైనుంచి తోస్తోంది."

ఆయన మెల్లగా తల ఎత్తి పైకి చూశారు. పైన ఏమీ లేదు. వేసవి ఆకాశం, అంతే. చుట్టూ ఉన్న పిల్లలూ పైకే చూస్తున్నారు. ఇంజను కొడుతూనే ఉంది.

అంతలో పంపు గరగరమంది. దూలం దబాలున ఊగింది. నీళ్లు రావడం ఆగిపోయింది. మళ్లీ గాలి పట్టిందా అని గొట్టం దగ్గరికి పరిగెత్తాను.

"ఓ మేడమా!" కొమురమ్మ హౌజు పక్కన నిలబడి అరుస్తోంది. "నీళ్లన్ని గుంజిపారేసిన్రు గద! హౌజు ఎండిపాయె! నా గిన్నెలు నేనెట్ల కడగాలె?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఇంజను ఆగలేదు. తోడటానికి ఇంక నీళ్లు లేవు. హౌజు అడుగున బురద, రెండు ఎండుటాకులు, ఒక గరిటె కనబడుతున్నాయి. అప్పుడు అరిచారు పిల్లలు. అజీమ్ కొమురమ్మ కాళ్లకు దండం పెట్టాడు. ఆమె ముందు తిట్టింది. తర్వాత హౌజు లోపలికి, ఇంజను వైపు, మళ్లీ హౌజు లోపలికి చూసి, "నా ఇడ్లి కుండనే గద ఇది," అంది.

నేను సారు వైపు తిరిగాను. గడువు అయిపోయిందని, సామాను రేపు తీసేస్తామని చెప్పాలి. ఆయన అక్కడ లేరు. వరండా చివర మున్సిపాలిటీ నల్లా కింద కొమురమ్మ బకెట్ పెట్టి, నిండేదాకా వంగి నిలబడి ఉన్నారు. కొలత టేపు జేబులోంచి వేలాడుతోంది. నిండిన బకెట్‌ను రెండు చేతులా పట్టుకుని, తొణికిన నీళ్లతో ప్యాంటు, బూట్లు తడుపుకుంటూ వచ్చి, హౌజులో గుమ్మరించారు.

"చూస్తారేం, మీరూ తెండి," అన్నారు పిల్లలతో. "ఇంకొక్కసారి నడపాలి."